పాత మారుతికి కొత్త క్లచ్: గేర్‌బాక్స్ ఒక్కసారే దించేలా

మారుతి 800 తయారీ 2014 జనవరిలోనే ఆగిపోయింది. అయినా హన్మకొండ చౌరస్తాలో పది నిమిషాలు నిలబడితే ఒకటో రెండో 800లు, నాలుగైదు పాత ఆల్టోలు కనబడకుండా పోవు. ఈ బండ్లకు క్లచ్ వేయడం బ్రహ్మవిద్యేమీ కాదు. చెమటంతా గేర్‌బాక్స్ దించి ఎక్కించడంలోనే ఉంది. కాబట్టి ఈ పనికి లెక్క ఒకటే: గేర్‌బాక్స్ కిందికి వచ్చిన రోజే, దాన్ని మళ్లీ దింపించగల ప్రతి సీలూ, ప్రతి బేరింగూ, ప్రతి బుష్షూ చూసెయ్యాలి. అరచేతిలో పట్టే రబ్బరు సీలు దగ్గర పిసినారితనం చేస్తే రెండు నెలల్లో రెండో కూలి ఇచ్చుకుంటారు.

ఇక్కడ రాసింది కేబుల్ క్లచ్ ఉన్న 800, పాత ఆల్టోల కోసం. వేరే బండ్లకు ఎక్కడ తేడా వస్తుందో అక్కడక్కడ చెప్పాం. మీరే చేసినా, షెడ్డులో దగ్గరుండి చేయించినా వరుస ఇదే.

పోయింది క్లచ్చేనా?

గేర్‌బాక్స్ మీద చెయ్యి వేసే ముందు ఇది తేలాలి. "క్లచ్ పోయింది" అని వచ్చే బండ్లలో కొన్నింటికి పోయేది కేబుల్ మాత్రమే.

మొదటిది జారడం. కాజీపేట ఫాతిమానగర్ రైల్వే బ్రిడ్జి లాంటి ఎత్తు ఎక్కుతూ, మూడో గేరులో 40 కిలోమీటర్ల వేగం దగ్గర యాక్సిలరేటర్ గట్టిగా తొక్కండి. ఇంజన్ సప్పుడు పెరిగి బండి మాత్రం గుంజకపోతే క్లచ్ ప్లేటు (ఇంజన్ బలాన్ని గేర్‌బాక్స్‌కు అందించే, లైనింగ్ అతికిన పళ్లెం) జారుతున్నట్టే. బండిలో ఒక్కరే ఉంటే ఇది బయటపడకపోవచ్చు. నలుగురిని ఎక్కించుకుని చూడండి. హ్యాండ్ బ్రేక్ వేసి, నాలుగో గేరులో క్లచ్ వదిలి ఇంజన్ ఆగుతుందా లేదా అని చూసే పద్ధతి కూడా ఉంది. ఆగకపోతే జారుతున్నట్టు. ఇది ఒక్కసారికి మించి చేయొద్దు, మిగిలిన ప్లేటు కూడా ఈ పరీక్షలోనే కాలిపోతుంది.

జారుతోందని తేలినా అప్పుడే సెట్టు కొనకండి. పెడల్‌ను కాలితో కాదు, చేత్తో నొక్కి చూడండి. మొదట కాస్త ఖాళీగా కదిలి, ఆ తర్వాత బరువు తగలాలి. ఆ ఖాళీ కదలికే ప్లే. ఈ చిన్న మారుతులకు 15 నుంచి 25 మిల్లీమీటర్లు, అంటే ఇంచుమించు బొటనవేలి వెడల్పు ఉండాలి. అసలు ప్లే లేకపోతే రిలీజ్ బేరింగ్ (పెడల్ తొక్కితే క్లచ్‌ను విడిపించేది) ఎప్పుడూ ప్రెజర్ ప్లేటు (క్లచ్ ప్లేటును అదిమిపట్టే స్ప్రింగు పళ్లెం) వేళ్లను ఒత్తుతూనే ఉంటుంది. మీరు తొక్కకున్నా సగం తొక్కినట్టే. మంచి ప్లేటు కూడా జారుతుంది. ఇక్కడ చాలామంది తికమకపడతారు. ప్లేటు అరిగేకొద్దీ ప్లే పెరుగుతుందనుకుంటారు. నిజానికి తగ్గుతుంది. లైనింగ్ పలచబడితే ప్రెజర్ ప్లేటు ఫ్లైవీల్ (ఇంజన్‌తో తిరిగే బరువైన చక్రం) వైపు జరుగుతుంది, స్ప్రింగు వేళ్ల కొసలు బేరింగ్ వైపు లేస్తాయి. పెరిగేది కేబుల్ సాగినప్పుడు. గేర్‌బాక్స్ మీది ఆర్మ్ దగ్గరున్న సర్దుబాటు నట్టు కొంచెం వదులు చేసి, ప్లే తెచ్చి, మళ్లీ అదే ఎత్తు ఎక్కించండి. అప్పటికీ జారితే, లేదా ఆ నట్టు ఇక వదులు కావడానికి మరలు మిగలకపోతే, ప్లేటు రోజులు నిండినట్టే.

రెండోది విడవకపోవడం. రివర్స్ గేరుకు సింక్రో (గేర్ల వేగాలను కలిపి మెత్తగా పడనిచ్చే రింగు) ఉండదు, అందుకే అబద్ధం చెప్పదు. బండి నిలబెట్టి, ఇంజన్ ఐడిల్‌లో ఉంచి, క్లచ్ పూర్తిగా తొక్కి నాలుగైదు సెకన్లు ఆగి రివర్స్ వేయండి. గరగరమంటే క్లచ్ విడవడం లేదు. కేబుల్ సాగిందా, ఫ్లోర్ మ్యాట్ పెడల్ కింద ఇరుక్కుందా అన్నవి ముందు చూడండి. మ్యాట్ మాట విని నవ్వుకోకండి, దానికే గేర్‌బాక్స్ దించినవాళ్లున్నారు. చాలా నెలలు కదలకుండా నిలబడిన బండిలో ప్లేటు తుప్పుతో ఫ్లైవీల్‌కు అతుక్కుపోతుంది. ప్లేటు జరిగే షాఫ్ట్ పళ్ల మీద, అంటే స్ప్లైన్ మీద తుప్పు పట్టినా ప్లేటు జరగదు.

మూడోది సప్పుడు. పెడల్ తొక్కితే వచ్చి, వదిలితే పోయే కీచు సప్పుడు రిలీజ్ బేరింగ్‌ది. తొక్కితే ఆగి, వదిలితే మొదలయ్యే గుర్రు గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్‌ది. రెండోది క్లచ్ సెట్టుతో పోదు. ముందే తెలిస్తే గేర్‌బాక్స్ దించిన రోజే ఆ పనీ పెట్టుకోవచ్చు.

నాలుగోది వణుకు. మొదటి గేరులో కదిలేటప్పుడు బండంతా గడగడలాడితే ఇంజన్, గేర్‌బాక్స్ మౌంటింగ్ రబ్బర్లు ముందు చూడండి. చీలిన మౌంటింగ్ అచ్చం పోయిన క్లచ్‌లాగే వణికిస్తుంది.

సెట్టు కొనడం

ప్లేటు, ప్రెజర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మూడూ కలిపే కొనండి. ప్లేటొక్కటే మార్చి పాత ప్రెజర్ ప్లేటు ఉంచితే, దాని ముఖం మీది గీతలు కొత్త లైనింగ్‌ను మొదటి నెలలోనే కొరుకుతాయి. దాని వేళ్లున్న స్ప్రింగు, అంటే డయాఫ్రం స్ప్రింగ్, అప్పటికే అలసి ఉంటుంది. బేరింగ్ సంగతి సరేసరి, ఆ చిన్న ముక్క అరిస్తే మళ్లీ మొదటి బోల్టు నుంచి విప్పాలి.

మారుతి జెన్యూన్ పార్ట్స్, వాలియో, లుక్, ఎక్సెడీ పెట్టెలు వరంగల్‌లో అడిగితే దొరుకుతాయి. కంపెనీ కన్నా ముఖ్యమైనది మీ బండికి సరిపోయే నంబరు. ఒకే పేరుతో కార్బురేటర్ బండీ ఉంది, ఎంపీఎఫ్ఐ (పెట్రోల్ ఇంజక్షన్) బండీ ఉంది. నాలుగు గేర్లదీ ఉంది, అయిదు గేర్లదీ ఉంది. ఛాసిస్ నంబరు, తయారైన సంవత్సరం చెప్పి తీసుకోండి. బండి ఆగినా ఫరవాలేదనుకుంటే పాత ప్లేటు విప్పాక, దాన్ని చేతిలో పట్టుకుని కొట్టుకు పోవడం అన్నిటికన్నా నయం. వ్యాసం ఒకటేనా, స్ప్లైన్ పళ్లు ఎన్ని, నడిమి హబ్ ఎత్తు ఎంత అన్న మూడూ పక్కపక్కన పెట్టి సరిచూడండి.

డూప్లికేట్‌ను పెట్టె మీది హోలోగ్రామ్‌తో మాత్రమే కనిపెట్టలేరు, పెట్టె కూడా డూప్లికేట్‌గా వస్తోంది. ప్లేటు చేతిలోకి తీసుకోండి. లైనింగ్ అంచు పొడిపొడిగా రాలకూడదు. రివిట్లన్నీ ఒకే లోతులో, లైనింగ్ ముఖానికి కిందుగా ఉండాలి. హబ్ చుట్టూ ఉన్న స్ప్రింగులు వేలితో తిప్పితే గలగలలాడకూడదు. రెండు లైనింగుల నడుమ అలలాంటి రేకు ఉంటుంది, క్లచ్ మెత్తగా పట్టేది దానివల్లే. నాసిరకం మాల్‌లో ఆ రేకు పేరుకే ఉంటుంది, బండి ఎగిరెగిరి కదులుతుంది. ప్రెజర్ ప్లేటు వేళ్ల కొసలన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయా అని కంటి మట్టానికి ఎత్తి చూడండి. చాలా ఏళ్లు అల్మారాలో పడున్న సెట్టు చౌకగా ఇస్తామంటే బేరింగ్ తిప్పి చూడండి. లోపలి గ్రీసు ఎండిపోతే తిరుగుడు గరుకుగా ఉంటుంది.

పాత ప్లేటుకే కొత్త లైనింగ్ కొట్టించే పని లారీలకు, ట్రాక్టర్లకు ఇంకా నడుస్తోంది. అంబాసిడర్, పద్మిని లాంటి బండికి ప్లేటు ఎంత వెతికినా దొరకనప్పుడు అదే దారి. మారుతికి మాత్రం వద్దు. లైనింగ్ కొత్తదైనా హబ్ స్ప్రింగులు, స్ప్లైన్ పళ్లు పాతవే. గట్టిగా పడుతుందని బటన్ ప్లేటు (చుట్టూ లైనింగ్ బదులు గట్టి బిళ్లలుండేది) అంటగడితే అసలే తీసుకోకండి. అది దుక్కి దున్నే బండికి తగ్గది. కారులో వేస్తే మెత్తగా పట్టదు, ఒక్క ఉదుటున పడుతుంది.

సెట్టుతోపాటు ఇవి కూడా అదే రోజు తెచ్చిపెట్టుకోండి: క్రాంక్ (ఇంజన్ ప్రధాన షాఫ్ట్) వెనక ఆయిల్ సీలు, గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ సీలు, రెండు డ్రైవ్ షాఫ్ట్ సీళ్లు, క్లచ్ కేబుల్, రిలీజ్ ఫోర్క్ బుష్షులు, ఫ్లైవీల్ నడుమ ఉండే చిన్న బేరింగ్, స్ప్లిట్ పిన్నులు, గేర్ ఆయిల్. ఆయిల్ 75డబ్ల్యూ-90, జీఎల్-4 రకం. జీఎల్-5 ఇంకా మంచిదని ఎవరైనా అంటే తలూపి జీఎల్-4నే తెచ్చుకోండి. జీఎల్-5లో ఎక్కువగా ఉండే గంధకం మందు ఇత్తడి సింక్రో రింగులను తినే ప్రమాదం ఉంది.

దించడం

ఇద్దరు మనుషులు, ఒక పూర్తి రోజు పెట్టుకోండి. 10, 12, 14, 17, 19 పానాలు, సాకెట్లు, టార్క్ పానా, ట్రాలీ జాకీ, రెండు స్టాండ్లు, చెక్క దిమ్మె, టైరు లీవరు, సుత్తె కావాలి. ప్లేటును నడుమకు తెచ్చే అలైన్‌మెంట్ కడ్డీ కూడా ఉండాలి. ఆటోనగర్‌లో తుక్కు గేర్‌బాక్స్ నుంచి తీసిన పాత ఇన్‌పుట్ షాఫ్ట్ దొరికితే దానికి మించిన కడ్డీ లేదు.

నేల గట్టిగా ఉండాలి. వాకిట్లో చేస్తే స్టాండ్ల కింద ఇనుప రేకో, మందపాటి పలకో వేయండి. రేగడి నేల పొద్దున రాయిలా ఉంటుంది, ఒక వాన పడితే స్టాండు దిగబడుతుంది. ఇటుకల మీద బండిని నిలబెట్టి కిందికి దూరడం మాత్రం వద్దు. ఇటుక పగిలే ముందు చెప్పి పగలదు.

బ్యాటరీ నెగటివ్ వైరు మొదట తీయండి. స్టార్టర్ వైరు విప్పేటప్పుడు పానా బాడీకి తగిలితే నిప్పులు రాలతాయి. వెనక చక్రాలకు అడ్డం పెట్టి, ముందు చక్రాల నట్లు నేల మీదుండగానే వదులు చేసి, అప్పుడు లేపండి.

గేర్ ఆయిల్ తీసేటప్పుడు ఒక వరుస ఉంది. ముందు పోసే ప్లగ్ విప్పాలి, ఆ తర్వాతే కింది ప్లగ్. కిందిది తీసి ఆయిలంతా కార్చాక పైది తుప్పుపట్టి రాకపోతే పోసే దారి ఉండదు. ప్లగ్‌కు బూడిదరంగు ముద్ద అంటితే మామూలే. గోరుకు తగిలే లోహపు ముక్కలు వస్తే ఆ గేర్‌బాక్స్‌కు క్లచ్ కన్నా పెద్ద జబ్బు ఉంది.

ఇక పైనుంచి కిందికి రండి. క్లచ్ కేబుల్, స్పీడోమీటర్ కేబుల్, రివర్స్ లైటు వైరు, ఎర్త్ వైరు, స్టార్టర్ మోటార్, గేరు రాడ్లు. ప్రతిదీ విప్పే ముందు ఫోన్‌లో ఫొటో తీసుకోండి. బోల్టులను ఒకే డబ్బాలో పోయకండి. బెల్ హౌసింగ్ (గేర్‌బాక్స్ ఇంజన్‌కు ఆనే, క్లచ్‌ను కప్పే డొప్ప) బోల్టుల పొడవులు వేరువేరు. అట్టముక్క మీద గేర్‌బాక్స్ ఆకారం గీసి, ఏ బోల్టు ఏ రంధ్రానిదో అక్కడే గుచ్చిపెడితే సాయంత్రం తల గోక్కునే పని ఉండదు.

కింద బాల్ జాయింట్ బోల్టు తీసి, సస్పెన్షన్ ఆర్మ్‌ను కిందికి వంచి చక్రం హబ్‌ను బయటికి తిప్పితే డ్రైవ్ షాఫ్ట్‌కు జాగా దొరుకుతుంది. లోపలి జాయింటుకూ గేర్‌బాక్స్‌కూ నడుమ లీవరు పెట్టి ఒక్క కుదుపుతో ఊడదీయండి. రబ్బరు బూటుకు లీవరు తగలనీయొద్దు. షాఫ్ట్‌ను పట్టుకుని గుంజితే జాయింట్ లోపల ఊడొస్తుంది, గేర్‌బాక్స్ నుంచి కాదు. ఊడిన షాఫ్ట్‌ను వేలాడదీయకుండా తీగతో పైకి కట్టేయండి.

ఇంజన్‌కు ఇక ఒకవైపు ఆసరా పోతుంది. చెక్క దిమ్మె పెట్టిన జాకీని ఇంజన్ కింద ఆనించండి. ఆయిల్ సంపు రేకు నడుమ కాదు, అంచు దగ్గర. రేడియేటర్ పైపు, ఎగ్జాస్ట్ సాగుతున్నాయేమో చూస్తూ ఉండండి. గేర్‌బాక్స్ కింద ఇంకో జాకీ పెట్టి, మౌంటింగ్ విప్పి, బెల్ హౌసింగ్ బోల్టులు తీయండి. పైనున్న ఒక్క బోల్టును చివరిదాకా ఉంచండి. అది కూడా తీశాక గేర్‌బాక్స్‌ను వంకరపోకుండా తిన్నగా, ఇంజన్ నుంచి పక్కకు గుంజాలి. సగం వచ్చాక చెయ్యి వదిలితే బరువంతా షాఫ్ట్ మీదుగా ప్లేటు హబ్ మీద పడి హబ్ వంగుతుంది. పాత ప్లేటు వంగితే పోయేదేం లేదు. ఎక్కించేటప్పుడు కొత్త ప్లేటుకూ ఇదే ప్రమాదం, అప్పుడు గుర్తుపెట్టుకోండి.

అంబాసిడర్ లాంటి వెనక చక్రాల బండికి డ్రైవ్ షాఫ్టుల గొడవ లేదు. ప్రొపెల్లర్ షాఫ్ట్ (వెనక చక్రాలకు బలం పంపే పొడుగు షాఫ్ట్) ఫ్లాంజ్ మీద రెండు వైపులా సుద్దతో గుర్తు పెట్టి విప్పండి. ఆ గుర్తు కలవకుండా బిగిస్తే బండి వేగంలో ఊగుతుంది.

పాత ప్లేటు చెప్పేది వినండి

ప్రెజర్ ప్లేటు బోల్టులు ఒకదాని తర్వాత ఒకటి పూర్తిగా తీయొద్దు. ఎదురెదురుగా, ఒక్కో చుట్టు వదులు చేస్తూ పోవాలి. లేకపోతే స్ప్రింగు ఒత్తిడి ఒకవైపుకు గుంజి కవరు వంగుతుంది. చివరి బోల్టు దగ్గర ప్లేటు జారి కాలి మీద పడకుండా ఒక చెయ్యి అడ్డం ఉంచండి.

లోపలి నల్లటి దుమ్మును కంప్రెసర్ గాలితో కొట్టకండి. పాత లైనింగులలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. మూతికి మాస్కు కట్టుకుని, తడిబట్టతో తుడిచి ఆ బట్ట పారేయండి.

ఇప్పుడు పాత ప్లేటును వెలుగులోకి తెచ్చి తీరిగ్గా చూడండి. ఈ అయిదు నిమిషాలే రేపటి ఖర్చును ఆపుతాయి. రివిట్ తల నుంచి లైనింగ్ ముఖం దాకా లోతు 0.5 మిల్లీమీటర్ల కన్నా తక్కువుంటే ప్లేటు న్యాయంగా అరిగింది, వయసు అయిపోయింది. లైనింగ్ ఇంకా మందంగానే ఉండి, అద్దంలా మెరుస్తూ కాలిన వాసన వస్తే అది నడిపే తీరులోని తప్పు. మేడారం జాతరకు పోయిన బండ్లు ఇలాగే తయారవుతాయి. పస్రా దాటాక చీమల బారులా కదిలే వరుసలో గంటల తరబడి హాఫ్ క్లచ్ మీద నిలబెడితే ఏ ప్లేటూ తట్టుకోదు. మిర్చి సీజన్లో ఎనుమాముల మార్కెట్ దారిలో రోజూ ఇరుక్కునే బండ్లదీ అదే కథ.

లైనింగ్ మీద నూనె తడి ఉంటే ఎక్కడిదో తేల్చకుండా కొత్తది వేయకండి. వేలికి రాసుకుని వాసన చూడండి. గంధకపు ఘాటు ముక్కుకు కొడితే గేర్ ఆయిల్, ఇన్‌పుట్ షాఫ్ట్ సీలు పోయింది. ఆ ఘాటు లేకుండా నల్లగా ఉంటే ఇంజన్ ఆయిల్, క్రాంక్ వెనక సీలు. ఒక్కోసారి పైన వాల్వ్ కవరు ప్యాకింగ్ నుంచి కారిన నూనె కూడా ఇంజన్ వెనకగా దిగి ఇక్కడికి చేరుతుంది. సీలు మార్చినా మళ్లీ తడి వచ్చిందని తిట్టుకునే ముందు పైకి కూడా చూడండి. నూనె తాగిన లైనింగ్‌ను పెట్రోల్‌తో కడిగి మళ్లీ వాడటం పనికిరాదు. వేడెక్కగానే లోపలి నూనె మళ్లీ బయటికి ఊరుతుంది.

ప్లేటు ఒకవైపే అరిగితే ఫోర్క్ బుష్షులు చూడండి. ఫోర్క్ ఊగుతుంటే బేరింగ్ వంకరగా ఒత్తుతుంది. స్ప్రింగు వేళ్ల కొసల మీద గాడి పడి ఉంటే బేరింగ్ తిరగకుండా రాసుకుంది అని అర్థం.

ఫ్లైవీల్ ముఖం మీద నీలం మచ్చలు మాత్రమే ఉంటే 120 నంబరు ఎమెరీ కాగితంతో అడ్డదిడ్డంగా రుద్ది మెరుపు పోగొడితే చాలు. గోరు ఆగే గాడులు, వెంట్రుకల్లాంటి పగుళ్లు ఉంటే లేత్‌కు పంపాలి. పగులు లోతుగా ఉంటే లేత్ కూడా వద్దు, వేరే ఫ్లైవీల్ వేయండి. వేగంగా తిరిగే ఇనుము చీలితే బెల్ హౌసింగ్ ఆపలేదు. లేత్ పనివాడికి రెండు మాటలు చెప్పండి: గాడులు పోయేంతే తీయాలి, ఎక్కువ కాదు. ప్లేటు ఆనే ముఖానికీ కవరు కూర్చునే ముఖానికీ ఎత్తు తేడా ఉన్న ఫ్లైవీల్ అయితే రెండింటినీ ఒకే కొలత తీయాలి. ఒక్కటే తీస్తే కవరు ఒత్తిడి తగ్గి కొత్త క్లచ్ జారుతుంది.

క్రాంక్ సీలు మార్చాలంటే ఫ్లైవీల్ ఎలాగూ దిగాలి. గుర్తు పెట్టి దించండి. కొత్త సీలు పెదవికి కాస్త ఇంజన్ ఆయిల్ రాసి, చుట్టూ సమానంగా తడుతూ కూర్చోబెట్టండి. ఫ్లైవీల్ బోల్టుల బిగింపు అంకె మీ మోడల్ మాన్యువల్‌లోదే వాడాలి, ఇక్కడ అంచనా పనికిరాదు.

ఎక్కించడం

చేతులు సబ్బుతో కడుక్కోండి. కొత్త లైనింగ్ మీద ఒక్క జిడ్డు వేలిముద్ర పడినా మొదటి వారం వణుకుతుంది. కొత్త ప్రెజర్ ప్లేటు ముఖం మీద తుప్పు పట్టకుండా కంపెనీ నూనె పూసి పంపుతుంది. దాన్ని, ఫ్లైవీల్‌ను బ్రేక్ క్లీనర్‌తో లేదా థిన్నర్‌తో తుడవండి. కిరసనాయిలు వద్దు, జిడ్డు మిగులుతుంది.

ప్లేటును ముందు ఉత్తగా ఇన్‌పుట్ షాఫ్ట్ మీద జార్చి చూడండి. చేత్తో హాయిగా ముందుకూ వెనక్కూ జరగాలి. ఇప్పుడు పట్టుకుంటే రేపు విడవదు. స్ప్లైన్‌కు గ్రీసు వడ్లగింజంత చాలు. రాసి, ప్లేటు రెండుసార్లు ఆడించి, బయటికి వచ్చిన గ్రీసంతా తుడిచేయండి. ఎక్కువైన గ్రీసు తిరుగుడుకు చిమ్మి లైనింగ్ మీదే పడుతుంది.

ప్లేటుకు ఏ ముఖం ఎటు అన్నది ఉంది. ఫ్లైవీల్ వైపు అని అచ్చు ఉంటే అదే మాట. లేకపోతే ఈ బండ్లలో హబ్ ఉబ్బెత్తు, స్ప్రింగులు ఉన్న వైపు గేర్‌బాక్స్ దిక్కుకు ఉంటుంది. విప్పేటప్పుడు తీసిన ఫొటోతో సరిచూసుకోండి. తిరగేసి బిగిస్తే హబ్ ఫ్లైవీల్ బోల్టులకు రాసుకుంటుంది, క్లచ్ విడవదు. అది తెలిసేది బండి కిందికి దించాకే.

అలైన్‌మెంట్ కడ్డీ పెట్టి, కవరును గైడు పిన్నుల మీద కూర్చోబెట్టి, బోల్టులన్నీ వేళ్లతో ఎక్కించండి. ఆ తర్వాత ఎదురెదురుగా, ఒక్కో చుట్టు చొప్పున. చివరి బిగింపు ఈ చిన్న మారుతులకు 23 న్యూటన్ మీటర్ల దగ్గర ఉంటుంది. బలమున్నోడు పొడుగు పానాతో వేలాడితే 8 మిల్లీమీటర్ల బోల్టు మెడ తెగి ఫ్లైవీల్‌లోనే ఉండిపోతుంది. బిగించాక కడ్డీ సులువుగా లోపలికీ బయటికీ రావాలి. పట్టేస్తే ప్లేటు పక్కకు జరిగింది. మొహమాటపడకుండా వదులు చేసి మళ్లీ బిగించండి.

కొత్త రిలీజ్ బేరింగ్‌ను పెట్రోల్‌లోనో కిరసనాయిలులోనో కడగకండి, లోపలి గ్రీసు కడుక్కుపోతుంది. బేరింగ్ జారే గొట్టం మీద, ఫోర్క్ ఆనే చోట పలచగా గ్రీసు పూస్తే చాలు. క్లిప్పులు కూర్చున్నాయో లేదో వేలితో తడిమి చూడండి.

గేర్‌బాక్స్ ఎక్కించేటప్పుడే షెడ్డులో గొంతులు లేస్తాయి. షాఫ్ట్ పళ్లు ప్లేటు పళ్లలో పడకపోతే గేర్‌బాక్స్‌ను గేరులో వేసి, ఇంకొకరు క్రాంక్ పుల్లీని పానాతో కొద్దికొద్దిగా తిప్పాలి. రెండు ముఖాల నడుమ సందు చుట్టూ ఒకేలా ఉండేలా జాకీ ఎత్తు సర్దండి. సందు చేతి బలంతోనే మూసుకోవాలి. వేలి మందం సందు ఉండగానే బోల్టులతో గుంజి బిగించడం ఈ పనిలో అన్నిటికన్నా ఖరీదైన తప్పు. అల్యూమినియం చెవి ఠప్పున విరుగుతుంది, లేదా ప్లేటు హబ్ చీలుతుంది. పోకపోతే వెనక్కి తీసి, కడ్డీతో మళ్లీ సరిచూసి, మళ్లీ ప్రయత్నించండి.

మిగతాదంతా విప్పిన వరుసకు తలకిందులు. డ్రైవ్ షాఫ్ట్ లోపలికి పెట్టేటప్పుడు కొత్త సీలు పెదవి చీలకుండా చెయ్యి ఆసరా ఇవ్వండి. రింగు పడిన టక్ సప్పుడు వినబడాలి, మెల్లగా వెనక్కి గుంజినా రాకూడదు. కొత్త స్ప్లిట్ పిన్నులే వేయండి. గేర్ ఆయిల్ బండి సమంగా ఉన్నప్పుడు, లెవెల్ రంధ్రం నుంచి బయటికి కారేదాకా పోయాలి. బ్యాటరీ వైరు చివర.

కేబుల్, మొదటి ప్రయాణం

కొత్త కేబుల్ దారి ముఖ్యం. మడత పడినా, ఎగ్జాస్ట్‌కు దగ్గరగా పోయినా పెడల్ బరువెక్కుతుంది. పెడల్‌ను ఇరవై, ముప్పైసార్లు తొక్కి వదిలాక ప్లే 15–25 మిల్లీమీటర్లకు సర్ది, లాక్ నట్టు బిగించండి. హైడ్రాలిక్ క్లచ్ అయితే ఈ సర్దుబాటు ఉండదు. బ్రేక్ ఫ్లూయిడ్ మూతమీద రాసిన డాట్ రకంతోనే నింపి గాలి తీయాలి. పెడల్ మెత్తగా దిగబడుతుంటే లోపల గాలి మిగిలినట్టు.

చక్రాలు ఇంకా గాలిలో ఉండగానే ఇంజన్ వేసి అన్ని గేర్లూ, రివర్స్‌తో సహా చూడండి. కింద పెట్టాక ఖాళీ వీధిలో ఒక చుట్టు తిప్పండి. మొదటి 400–500 కిలోమీటర్లు కొత్త లైనింగ్ ఫ్లైవీల్‌కు ఒరుసుకునే కాలం. ఎత్తుల మీద హాఫ్ క్లచ్‌తో బండి ఆపడం, నిండా మనుషులతో మహబూబ్ ఘాట్ ఎక్కడం అప్పుడే వద్దు.

కొద్దిపాటి వణుకు రెండు మూడు రోజుల్లో పోతే పట్టించుకోకండి. వారం దాటినా ఉంటే మౌంటింగ్ బోల్టులు, ఆ తర్వాత నూనె అనుమానించండి. గేరు పడకపోతే ముందు ప్లే, ఆ తర్వాత కేబుల్ కొస ఆర్మ్‌లో సరిగ్గా కూర్చుందా చూడండి. ఈ రెండూ బాగున్నా పడకపోతే ప్లేటు తిరగబడి ఉండొచ్చు, గేర్‌బాక్స్ మళ్లీ దిగాల్సిందే. కొత్త కేబుల్ మొదట్లో కాస్త సాగుతుంది కాబట్టి 500 కిలోమీటర్ల దగ్గర ప్లే ఇంకోసారి కొలవండి. అప్పుడే కిందికి వంగి బెల్ హౌసింగ్ అడుగున, డ్రైవ్ షాఫ్టుల దగ్గర వేలు పెట్టి తడి ఉందేమో చూసుకోండి.